పనిచేస్తున్న సిస్టమ్‌ని మార్చాలా?

పాతపక్షం: 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. మర్నాడు మా ఇంట్లో సిస్టమ్ ఎప్పటిలాగే ఆన్ అయింది. ప్రింటర్ కదిలింది, రైలు టికెట్ బుక్ అయింది. అందులో ఉన్నది ఆరో తరం ఇంటెల్ ఐ5. మధ్యలో ఒకసారి బాగా నెమ్మదించింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ దగ్గర ఎప్పుడూ వంద శాతమే కనిపించేది. హార్డ్‌డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ పెట్టించాను, ర్యామ్ 8 జీబీ చేయించాను. కొత్తదానికి తీసిపోకుండా నడుస్తోంది. అయినా విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు. 2021 అక్టోబరులో అది వచ్చినప్పుడు ఇంటెల్‌లో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే అర్హత అన్నారు. 2017లో ఏడో తరం మెషీన్ కొన్నవాడికి అప్పటికి నాలుగేళ్లే నిండాయి. విండోస్ 10 వచ్చిన 2015లోనేమో ఇదే చివరి విండోస్ అని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు సభాముఖంగా చెప్పారు. పనిచేస్తున్న వస్తువు పాతబడిందని తేల్చాల్సింది వాడుకునేవాడా, అమ్మినవాడా? నేను అడిగేది అదే.

కొత్తపక్షం: మీ సిస్టమ్ నెమ్మదిగా ఉందని నేను అనలేదండీ. ఆన్ అవుతోందా, ప్రింటు తీస్తోందా అన్నది కూడా నా ప్రశ్న కాదు. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ కొన్ని లోపాలకు ప్యాచ్‌లు విడుదల చేస్తుంది. విండోస్ 10, 11 రెండింటి లోపలి కోడ్ చాలావరకు ఒకటే. 11కు ప్యాచ్ వచ్చిందంటే, దాన్ని విప్పి చూసేవాడికి 10లో మూతపడని రంధ్రం ఎక్కడుందో తెలిసిపోతుంది. అంటే మద్దతు ఆగాక మీ సిస్టమ్ ఉన్నచోటే ఉండదు, నెలనెలా ఇంకొంచెం బలహీనపడుతుంది. బయటికి ఏమీ కనిపించదు, అందుకే నాకు భయం. 2017 మే 12న వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఏమైందో చూశాం కదా. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగింది.

పాతపక్షం: వాన్నాక్రై పేరెత్తారు కాబట్టి అక్కడే కాసేపు ఆగుదాం. ఆ రోజు అందరూ విండోస్ ఎక్స్‌పీని తిట్టారు. తర్వాత లెక్క తీస్తే దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 మెషీన్లని తేలింది. 7కి అప్పటికి మద్దతు ఉంది, 2020 జనవరి దాకా ఉంది. ఆ లోపానికి ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోలేదు, అంతే. ఎక్స్‌పీ మెషీన్లలో చాలావాటి మీద ఆ వైరస్ సరిగ్గా నడవలేక నీలిరంగు తెరతో కూలిపోయింది. పైగా మద్దతు ఆగి మూడేళ్లయిన ఎక్స్‌పీకి కూడా ఆ వారాంతంలోనే మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. ఇవ్వదలిస్తే ఇవ్వగలరు. నేను దీన్నుంచి తీసుకున్నది ఒకటే. జాగ్రత్తలేనివాడి చేతిలో మద్దతు ఉన్న విండోస్ కూడా కూలింది.

ఇంకోటి. మన ఇళ్లలో డబ్బు పోతున్నది ఏ దారిన? బ్యాంకు నుంచి అని ఫోన్ వస్తుంది, కేవైసీ ఆగిపోయిందంటాడు, స్క్రీన్ చూపించే యాప్ ఏదో వేసుకోమంటాడు, ఓటీపీ చెప్పించుకుంటాడు. దీన్ని ఏ కొత్త విండోస్ ఆపుతుంది?

కొత్తపక్షం: ఆపదు, ఒప్పుకుంటాను. మోసపోయే మనిషికి ఆపరేటింగ్ సిస్టమ్‌లో మందు లేదు. విండోస్ 7 విషయంలో మీరన్నదీ నిజమే. కానీ అదే కథని నా వైపు నుంచి చూడండి. ప్యాచ్ ఉండి వేసుకోకపోతేనే అంత జరిగితే, వేసుకుందామన్నా లేని రోజున ఏమిటి? మీలాంటి జాగరూకుడికి కూడా అప్పుడు చేయగలిగింది ఉండదు.

ఇంటి సిస్టమ్‌లో అసలు వాకిలి బ్రౌజర్. విండోస్ 7 మీద క్రోమ్ 109తో ఆగిపోయింది. 2023 ఫిబ్రవరి నుంచి వచ్చినవన్నీ 10 కావాలన్నాయి. అప్పటికి 7 ఆన్ అవుతూనే ఉంది, వాకిలి మాత్రం అక్కడే బిగిసిపోయింది. మూడేళ్లు ఆలస్యంగా బిగిసిందని మీరనొచ్చు, అదీ నిజమే. 10కి కూడా ఆ వ్యవధి దొరకొచ్చు. దొరికినన్నాళ్లు సిద్ధపడటానికి వాడుకోవాలని నా మాట. అలాగే ఉండిపోవడానికి వాడుకుంటున్నారు, నా బాధ అది.

ఇంకో సంగతి. నా దగ్గరికి రిపేరుకి వచ్చే పాత సిస్టమ్‌లలో చాలావాటి మీద ఉన్నది కొన్న విండోస్ కాదు. ఫార్మాట్ కొట్టినప్పుడు ఎవరో యాక్టివేటర్‌తో నడిపించినది. ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఇంటివాళ్లకు ఆ సంగతే తెలియదు. తర్వాత అప్‌డేట్లు కూడా ఆపేస్తారు, ఆ క్రాక్ పోకుండా. వాళ్లంతా తమది పనిచేస్తున్న సిస్టమే అనుకుంటున్నారు.

పాతపక్షం: దొంగ యాక్టివేటర్ల విషయంలో మీతోనే ఉన్నాను. దానికీ పాత కొత్తలకీ సంబంధం లేదు, విండోస్ 11కి కూడా అవే వాడుతున్నారు. ఇప్పుడు నా బాధ చెప్తాను, దీనికి జవాబు కావాలి.

విండోస్ 11లో 2024 తర్వాతి వెర్షన్‌ను కొత్తగా వేసి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లోపలికి వెళ్తే, అర్హత ఉన్న మెషీన్‌లో డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్ దానంతటదే పడుతుంది. హోమ్ ఎడిషన్‌లో కూడా. చాలామందికి అలా పడిందన్న సంగతే తెలియదు. తర్వాత ఒకరోజు మదర్‌బోర్డు పోతుంది, లేదా బయోస్‌లో ఎవరో టీపీఎం అనే భద్రతా చిప్ సెట్టింగు మారుస్తారు. తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఆ అకౌంట్ ఎవరిది? షాపులో కొన్నరోజు అక్కడి కుర్రాడు ఏదో మెయిల్‌తో, ఏదో పాస్‌వర్డ్‌తో చేసిపెట్టినది. బిల్లు మీద కూడా ఉండదు. కీ దొరక్కపోతే పిల్లాడి అక్షరాభ్యాసం ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు అన్నీ అందులోనే. డిస్క్ ఆరోగ్యంగా ఉంటుంది, ఒక్క బైటు కూడా చెడదు, ఎవరికీ అక్కరకు రాదు.

పాత పద్ధతిలో ఏం చేసేవాళ్లం? ఏది చెడినా డిస్క్ బయటికి తీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి, ఇంకో సిస్టమ్‌కి తగిలిస్తే ఫోల్డర్లన్నీ కళ్లముందు ఉండేవి. దొంగ నుంచి కాపాడే తాళాన్ని ఇంటివాళ్లకు చెప్పకుండా వేస్తే, అది ఇంటివాళ్లనే బయట నిలబెడుతుంది.

కొత్తపక్షం: దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. ఆ తెర ముందు కూర్చుని ఏడ్చినవాళ్లను చూశాను. చెప్పకుండా తాళం వేయడం తప్పే. సెటప్ చేసేటప్పుడే ఆ కీని ప్రింటు తీయండి, కాగితం మీద రాయండి అని తెర నిండా చెప్పి ఉండాల్సింది. ఎవరు సిస్టమ్ కొన్నా ఇప్పుడు నేను మొదట చేయించేది అదే. అకౌంట్ వాళ్ల సొంత మెయిల్, సొంత ఫోన్ నంబరుతో చేయించి, కీ కాగితం మీదికి దింపి, దస్తావేజుల ఫైల్లో పెట్టిస్తాను.

అయితే మీరు చెప్పిన పాత పద్ధతినే ఇంకో వైపు నుంచి చూడండి. డిస్క్ తీసి ఇంకో సిస్టమ్‌కి తగిలిస్తే ఫోల్డర్లన్నీ కళ్లముందు ఉండేవన్నారు. ఎవరి కళ్లముందు? రిపేరు చేసేవాడి కళ్లముందు. ఇరవయ్యేళ్లుగా ఊరూరా సర్వీసు సెంటర్లలో జనం హార్డ్‌డిస్కులు వదిలి వెళ్తున్నారు. అందులో ఆధార్, పాన్ స్కాన్లు, పెళ్లిచూపులకు పంపిన ఫొటోలు, ఆసుపత్రి రిపోర్టులు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు. కీడు చేయాలనుకున్నవాడికి ఒక పెన్‌డ్రైవ్ చాలు. పాత సిస్టమ్ అమ్మేసేటప్పుడు డిస్క్ తుడిచి ఇచ్చేవాళ్లు మనలో ఎంతమంది? ఆడపిల్లలున్న ఇంటికి ఈ తాళం విలువ వేరు. మీరు ఫొటోలు పోతాయని భయపడుతున్నారు, వాళ్లు ఫొటోలు బయటపడతాయని భయపడతారు.

పాతపక్షం: ఆ మాట బలమైనది. దాన్ని తోసిపుచ్చలేను. ఎన్‌క్రిప్షనే వద్దని నేను అనను. యజమానికి తెలిసి, అతని అంగీకారంతో పడాలంటాను. తెలియడం అన్న దగ్గరే నాకు పేచీ.

పాత సిస్టమ్ చెడితే ఎక్కడ మొదలుపెట్టాలో ఇంట్లో ఒకరికైనా తెలిసేది. ఆన్ చేస్తే బీప్‌లు వస్తూ తెర నల్లగా ఉంటే, ముందు చూడాల్సింది ర్యామ్ అని. పవర్ తీసి, ర్యామ్ ఊడదీసి, పసుపు రంగు కాంటాక్టుల్ని రబ్బరుతో రుద్ది మళ్లీ బిగిస్తే సగం కేసుల్లో లేచేది. తేదీ వెనక్కి పోయి వెబ్‌సైట్లన్నీ సర్టిఫికెట్ తప్పని మొరాయిస్తే, మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బ్యాటరీ బిళ్ల మార్చాలని. కాసేపు నడిచి దానంతటదే ఆగిపోతుంటే ప్రాసెసర్ ఫ్యాన్‌లో దుమ్ము తీయాలని. కరెంటు పోయి వచ్చాక అసలు కదలకపోతే ఎస్ఎమ్‌పీఎస్‌ని అనుమానించాలని. విండోస్ లేవకపోతే ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలని. మా నాన్నగారు రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకుని, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో నంబర్లు వేసి రాసుకున్నారు. కొత్తవి వచ్చినకొద్దీ ఆ నోట్‌బుక్‌లో పేజీలకు పేజీలు చెల్లకుండా పోయాయి. ఎఫ్8 మామూలుగా నొక్కితే పనిచేయదు. కంట్రోల్ ప్యానెల్‌లో ఉన్నవి సెట్టింగ్స్‌లోకి ఒక్కొక్కటే తరలిపోయాయి, అదీ పూర్తిగా కాదు. రైట్ క్లిక్ చేస్తే పాత జాబితా కోసం ఇంకో క్లిక్. డెబ్బై ఏళ్ల మనిషికి ఇది చిన్న విషయం కాదు. కష్టపడి నేర్చుకున్నదాన్ని ఎవరో దూరాన కూర్చుని కొట్టేస్తే, మళ్లీ నేర్చుకునే ఓపిక కన్నా ముందు నమ్మకం పోతుంది.

కొత్తపక్షం: మీ నాన్నగారి నోట్‌బుక్‌లో సగం ఇప్పటికీ చెల్లుతుంది. మీరు చెప్పిన ర్యామ్, బిళ్ల, దుమ్ము, ఎస్ఎమ్‌పీఎస్... వీటిలో ఒక్కటి కూడా విండోస్‌కి సంబంధించినది కాదు. కంప్యూటర్ చెడితే ఒకేసారి పది మార్చకుండా ఒక్కొక్కటే మార్చి చూడటం, చివరిగా ఏం కొత్తగా వేశామో గుర్తుచేసుకోవడం, తప్పు సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోవడం... ఈ పద్ధతి ఎక్స్‌పీ నాటిదే, 11కీ అదే. మారింది మెనూలు. అవి మారినందుకు నాకూ కోపమే. ముఖ్యంగా కారణం లేకుండా మార్చినప్పుడు.

కానీ పాతరోజులు అంత సుఖంగా గడిచాయా? ఎక్స్‌పీ ఫార్మాట్ కొట్టాక నెట్ ఉండేది కాదు, ఎందుకంటే లాన్ డ్రైవర్ లేదు. ఆ డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి. మదర్‌బోర్డుతో వచ్చిన సీడీ ఎక్కడుందని ఇల్లంతా వెతికేవాళ్లం. సౌండ్ డ్రైవర్ కోసం నెట్ సెంటర్‌కి వెళ్లి గంటలు కూర్చునేవాళ్లం. ఇప్పుడు చాలావరకు డ్రైవర్లను విండోస్ దానంతటదే తెచ్చుకుంటుంది. వరసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే రిపేరు తెర అదే చూపిస్తుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొడితే మీ సేఫ్ మోడ్ అక్కడే ఉంది. ఫైళ్లు ఉంచి విండోస్‌ని మాత్రం మళ్లీ వేసుకునే రీసెట్ ఉంది. వెనకటికి ఫార్మాట్ అంటే సీ డ్రైవ్‌లో డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవన్నీ పోయేవి. దాని గురించి ఎవరూ హెచ్చరించేవారు కాదు. నాన్నగారికి ఆ నోట్‌బుక్‌లో రెండు కొత్త పేజీలు చాలు.

పాతపక్షం: రెండు పేజీలు చాలనివాళ్ల సంగతి చెప్పనా? తెలుగు డీటీపీ చేసేవాళ్లు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పత్రికలు, ఊళ్లో గుడి సావనీర్లు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో నడిచాయి. పేజ్‌మేకర్ అభివృద్ధిని అడోబ్ 2004లోనే ఆపేసింది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఒక్కో షాపులో వేల ఫైళ్లున్నాయి. నిరుటి శుభలేఖ తెరిచి పేర్లు, తేదీ మార్చి అరగంటలో ఇస్తేనే అతనికి గిట్టుబాటు. విండోస్ 11 కేవలం 64 బిట్. అతని ప్రింటర్ డ్రైవరు, అతని కీబోర్డు ప్రోగ్రాము, అతని వేళ్ల అలవాటు అన్నీ పాత 32 బిట్ విండోస్ మీద కుదురుకున్నవి. కన్వర్టర్లున్నాయంటారు. ఒత్తులు ఎక్కడెక్కడ చెడిపోయాయో ఒక్కో పేజీ చదువుకుంటూ సరిచూసే జీతం ఎవరిస్తారు?

అప్‌డేట్ వేసుకుంటే చాలు క్షేమమని కూడా అనలేం. 2018 అక్టోబరులో విండోస్ 10కి వచ్చిన పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్ల ఫోల్డర్లనే తుడిచేసింది. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపి, నవంబరులో మళ్లీ విడుదల చేశారు. 2024 జులై 19న ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు.

కొత్తపక్షం: రెండో ఉదాహరణ వదిలేయండి. అది క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ సాఫ్ట్‌వేర్‌ది, పెద్ద సంస్థలు కొనుక్కునేది. ఇళ్లలోని సిస్టమ్‌లకు దానితో పనిలేదు. 2018 సంగతి మాత్రం నేను కాదనను. అందుకే పెద్ద వెర్షన్ మార్పును కొన్ని వారాలు ఆపుకోమంటాను, నెలవారీ ప్యాచ్‌ని ఆపుకోవద్దంటాను. రెండూ వేరు.

డీటీపీ షాపులో ఆ పాత మెషీన్‌ని మార్చమని నేను చెప్పను. దాని నెట్ కేబుల్ తీసేయమంటాను. వైఫై ఆపేసి, శుభలేఖలకు మాత్రమే వాడుకోమంటాను. ఫైళ్లు బయటికి తెచ్చే పెన్‌డ్రైవ్‌ని వేరే సిస్టమ్‌లో స్కాన్ చేయమంటాను. ఆ షాపుల్లోనే పెన్‌డ్రైవ్ వైరస్‌లు ఊరంతా తిరిగాయి కాబట్టి. యూపీఐ, బ్యాంకు, మెయిల్ ఇంకోదానిలో. కానీ అను ఫాంట్ల గురించి మీకే ఒక ప్రశ్న. తెలుగు యూనికోడ్‌కి గౌతమి ఫాంట్ ఎక్స్‌పీ నాటినుంచీ విండోస్‌లో ఉంది. ఇన్నేళ్లూ యూనికోడ్‌కి మారే పని వాయిదా పడింది. ఆ ఫైళ్లలో ఉన్న తెలుగుని వెతికితే దొరకదు, ఫాంట్ లేనిచోట తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఊరి చరిత్ర, కవి సమ్మేళనాల సంచికలు, స్థానిక పత్రికలు అందులో చిక్కుకున్నాయి. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అంటూ గుట్ట పెంచుకున్నాం. మార్పు కష్టమని మీరు చెప్పే ప్రతి కారణం, ఆలస్యమైనకొద్దీ ఇంకా బరువెక్కేదే.

పాతపక్షం: అది డీటీపీవాడి తప్పు ఒక్కడిదే కాదు, అయినా నష్టం నిజమే. నాకు ఆ తెలుగు మీద మీకున్నంత దిగులే ఉంది. విడి మెషీన్ సలహా కూడా మంచిదే. కానీ మన ఇళ్లలో చాలావాటిలో ఉన్నది ఒక్కటే సిస్టమ్. పిల్లాడి ప్రాజెక్టు, తండ్రి లెక్కలు, తల్లి వంటల వీడియోలు అన్నీ దానిలోనే. ఇంకోటి కొనాలంటే ఒక కుటుంబం నెల ఖర్చు ఎగిరిపోతుంది. పారేసిన పాతది చెత్తలో చేరుతుంది. అందుకే నా దారి వేరు. అదే ఆరో తరం మెషీన్ మీద లినక్స్ మింట్ వేస్తే తరచూ ప్యాచ్‌లు వస్తాయి. మింట్ 22కి 2029 దాకా మద్దతు. టీపీఎం అడగదు, అకౌంట్ అడగదు. పాత యంత్రం ఉంటుంది, భద్రతా ఉంటుంది.

కొత్తపక్షం: లినక్స్ అంటే నాకు గౌరవమే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో పనిచేసే లినక్స్ కోసం ఏళ్లుగా పాటుపడ్డారు. వెబ్ చూడటం, టైపు చేయడం వరకే అయితే నేనూ అదే వేస్తాను. కానీ పన్నుల పనికి డిజిటల్ సంతకం టోకెన్ వాడేవారికి, ట్యాలీ నడిపేవారికి, మీ పేజ్‌మేకర్‌వాడికి అది చిక్కే. ఒక సంగతి గమనించారా? 10 నుంచి 11కి మారడం కన్నా విండోస్ నుంచి మింట్‌కి మారడం పెద్ద మార్పు. నాన్నగారి నోట్‌బుక్‌లో సాఫ్ట్‌వేర్ పేజీలన్నీ పోతాయి. అయినా దానికి మీరు సిద్ధమే. అయితే మీకు కొత్తది నేర్చుకోవడంతో పేచీ లేదు.

పాతపక్షం: లేదు. నేర్చుకోమని బలవంతపెట్టడంతో ఉంది. మింట్ నేను ఎంచుకున్నది. నచ్చకపోతే తీసేస్తాను, నా ఫైళ్లు నావే. విండోస్ 11 హోమ్ కొత్తగా వేస్తుంటే నెట్ లేకుండా, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా మామూలు దారిలో ముందుకు పోనివ్వదు. నా ఇంట్లో నా డబ్బుతో కొన్న యంత్రం ముందు కూర్చుని, తలుపు తీయడానికి ఇంకొకరి అనుమతి అడగాల్సి వస్తోంది.

కొత్తపక్షం: అప్‌డేట్ల విషయంలో అలాంటి బలవంతం వల్లే నెలవారీ ప్యాచ్‌లు ఇప్పుడు ఇళ్లకు చేరుతున్నాయి. ఎక్స్‌పీ, 7 కాలంలో స్వేచ్ఛ ఇచ్చారు, జనం అప్‌డేట్లు ఆపేసుకున్నారు. మీరు చెప్పిన వాన్నాక్రై లెక్కే దానికి సాక్ష్యం. ఒక ఇంటి సిస్టమ్ వైరస్ చేతిలో పడితే అక్కడితో ఆగదు, అక్కడినుంచి ఇతరులకు మెయిళ్లు వెళ్తాయి. ఎంపిక మీ ఒక్కరిదే అయితే నేనూ మాట్లాడను. ఇంతకీ మీరేం చేయబోతున్నారు? అర్హత పరీక్ష దాటించే పద్ధతులతో 11 వేస్తారా?

పాతపక్షం: వేయను. వేసినా నెలవారీ ప్యాచ్‌లకు హామీ ఉండదు, పెద్ద వెర్షన్ వచ్చినప్పుడల్లా చేత్తో మళ్లీ చేసుకోవాలి. విండోస్ 10కి అదనపు భద్రతా ప్యాచ్‌ల పథకం ఉంది కదా, 2026 అక్టోబరు 13 దాకా. ముప్పై డాలర్లు కడితే, లేదా సెట్టింగుల బ్యాకప్‌కి ఒప్పుకుంటే ఉచితంగా. దానికీ మైక్రోసాఫ్ట్ అకౌంటే కావాలి. ఆ షరతు నచ్చకపోయినా ఒప్పుకున్నాను, మీరు చెప్పిన ప్యాచ్‌ల సంగతి నిజం కాబట్టి. ఈలోగా పెన్‌డ్రైవ్ మీంచి మింట్ నడిపి ప్రింటరు, స్కానరు పనిచేస్తాయో లేదో చూసుకుంటాను.

కొత్తపక్షం: మీరు చూసుకోగలరు. మీ పక్కింటావిడ? ఆవిడదీ అదే కాలపు సిస్టమ్. పింఛను ఖాతా అందులోనే చూసుకుంటుంది. విదేశంలో ఉన్న కొడుకుతో మాట్లాడేది అందులోనే. చెడితే మిమ్మల్నే పిలుస్తుంది.

పాతపక్షం: ఆవిడకి రెండూ చెప్తాను. ఇది ఉంచుకుంటే ఏ ప్రమాదం, కొత్తది కొంటే ఏ ఖర్చు, ఏ తాళం. కొత్తదే కొంటే రికవరీ కీ నేనే కాగితం మీద రాసి ఆవిడ చేతికిస్తాను. నిర్ణయం ఆవిడది.

కొత్తపక్షం: ఆవిడ రెండూ విని, చివర్లో మీరేం చేశారని అడుగుతుంది. మీరు ఉంచుకున్నానంటే తనూ ఉంచుకుంటుంది. మీకున్న జాగ్రత్త, మీకు తెలిసిన మింట్, మీ బ్యాకప్ అలవాటు ఆవిడకి లేవు. అప్పుడది ఆవిడ నిర్ణయమేనంటారా?

పాతపక్షం: మీరు కొనమన్నా అంతే కదండీ. ఆవిడ కొంటుంది. ఏడాది తర్వాత ఆ తెర కీ అడిగిన రోజున మీరు ఊళ్లో ఉండకపోవచ్చు.